బావగారి వీడియోలకు ఏం జవాబు పంపను?

ప్రశ్న: నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. మా అక్క భర్త, అంటే మా బావగారు, చాలా మంచి మనిషి. దైవభక్తి ఎక్కువ. ఏడాదిగా సృష్టివాదం మీద, అంటే ప్రాణులన్నిటినీ దేవుడే చేశాడన్న వాదం మీద, అమెరికాలో జరిగిన డిబేట్ల వీడియోలు నాకు రోజూ పంపుతున్నారు. మొన్న అందరం కలిసినప్పుడు మాటా మాటా పెరిగింది. ‘పరిణామం ఉత్త థియరీయే కదా?’, ‘జరగడం ఎవరు చూశారు?’, ‘చేపకీ జంతువుకీ మధ్య జీవి ఏది?’, ‘కన్ను లాంటిది దానంతటదే ఎలా తయారవుతుంది?’, ‘కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయి?’ అని వరసపెట్టి అడిగారు. ఒకదానికి జవాబు మొదలుపెట్టేలోపు ఇంకొకటి. నాకు టెన్షన్‌తో మాట తడబడింది. చివరికి ‘ఇవన్నీ నమ్మేది చదువుకోనివాళ్లే’ అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. అప్పటినుంచి అక్క ముభావంగా ఉంటోంది. ఇప్పుడు బావగారి మిత్రులు ఒక సభ పెట్టి, సృష్టివాదం మీద బాగా మాట్లాడే ఒకాయనతో నన్ను డిబేట్‌కి రమ్మంటున్నారు. వెళ్లనా? వెళితే ఎలా గెలవాలి? నిన్న వచ్చిన వీడియోకి ఇంకా జవాబివ్వలేదు. ఏం పంపను?

జవాబు: సభ సంగతీ డార్విన్ సంగతీ తర్వాత చూద్దాం. ముందు ఆ ‘చదువుకోనివాళ్లు’ అన్న మాట వెనక్కి తీసుకోండి. మెసేజ్ పెట్టి ఊరుకోకండి, ఎదురుగా కూర్చుని చెప్పండి. ‘బావగారూ, మీ వాదన నేను ఒప్పుకోను గానీ, ఆ మాట అనకుండా ఉండాల్సింది, సారీ’ అంటే చాలు. అక్కయ్య ఉన్నప్పుడే అంటే మరీ మంచిది. ఆ మాట అమర్యాద అన్నది ఒకటైతే, నిజం కూడా కాకపోవడం ఇంకొకటి. సృష్టివాదం నమ్మేవాళ్లలో ఇంజినీర్లున్నారు, డాక్టర్లున్నారు. మీ బావగారి ప్రశ్నలూ తీసిపారేసేవి కావు. కన్ను ఎలా వచ్చింది, మధ్య జీవులేవి అన్న రెండూ డార్విన్ 1859లో తన పుస్తకంలో తనకు తానే వేసుకుని, పేజీలకు పేజీలు తంటాలు పడ్డ ప్రశ్నలే.

ఇక సభ. వెళ్లొద్దు.

భయపడి మానుకోమనడం లేదు. మీకు తెలిసిన విషయం మీరు చెప్పగలరు. కానీ వేదిక మీద నెగ్గేది నోరు. ఒక సందేహం పుట్టించడానికి పది సెకన్లు చాలు, దాన్ని తీర్చడానికి పది నిమిషాలు కావాలి. అమెరికాలో డ్వేన్ గిష్ అని ఒక సృష్టివాది ఉండేవాడు. బయోకెమిస్ట్రీలో డాక్టరేట్ ఉన్నవాడే. ఊరూరా తిరిగి సైంటిస్టులతో డిబేట్లు చేసేవాడు. ఊపిరి తీసుకోకుండా పాతిక అంశాలు గుప్పించేవాడు. అవతలి మనిషి రెండింటికి జవాబు చెప్పేసరికి టైమ్ అయిపోయేది. మిగిలిన ఇరవై మూడింటికీ జవాబు లేదన్నమాట అని జనం ఇంటికి పోయేవారు. యూజీనీ స్కాట్ అనే ఆంత్రోపాలజిస్టు ఈ పద్ధతికి ‘గిష్ గ్యాలప్’ అని పేరు పెట్టారు, గుర్రం దౌడు అని. మీ ఇంట్లో మొన్న జరిగింది అదే. పాపం, బావగారు కావాలని చేసి ఉండరు. వీడియోల్లో వాళ్లు అడిగినట్టే అడిగి ఉంటారు.

నిజానికి ఈ డిబేట్ల చరిత్ర చూస్తే నవ్వొస్తుంది. 1860 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో బిషప్ విల్బర్‌ఫోర్స్‌కీ, డార్విన్ పక్షాన నిలిచిన జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీకీ మధ్య పెద్ద వాగ్యుద్ధం జరిగింది. ‘కోతి బంధుత్వం మీకు తాతగారి వైపా, నాయనమ్మగారి వైపా?’ అని బిషప్ వెటకారం చేశాడనీ, హక్స్‌లీ దిమ్మతిరిగే జవాబిచ్చాడనీ కథ. ఆ మాటలు అక్కడే అక్షరాలా రాసుకున్నవాళ్లు లేరు. గెలిచింది మేమేనని రెండు వైపులవాళ్లూ సంబరంగా వెళ్లిపోయారు. నూట అరవై ఏళ్లు దాటినా ఆ పద్ధతి మారలేదు.

అలాంటి డిబేట్లన్నిటిలో నాకు పనికొచ్చిన క్షణం ఒక్కటే ఉంది. 2014 ఫిబ్రవరి 4న కెంటకీలోని క్రియేషన్ మ్యూజియంలో, ఆ మ్యూజియం పెట్టిన కెన్ హామ్‌కీ, టీవీలో సైన్స్ చెప్పి పేరు తెచ్చుకున్న బిల్ నైకీ వాదన జరిగింది. బావగారు ఈపాటికి మీకది పంపే ఉంటారు. రెండు గంటలు దాటాక ప్రేక్షకుల నుంచి ఒక ప్రశ్న వచ్చింది: మీ అభిప్రాయం మారాలంటే ఏం కావాలి? హామ్ తాను క్రైస్తవుణ్ణనీ, దేవుడి వాక్యం నిజం కాదని తనను ఎవరూ ఒప్పించలేరనీ చెప్పాడు. నై ఒక్క సాక్ష్యం చాలన్నాడు, ఉండకూడని రాతిపొరలో ఉన్న ఒక్క శిలాజమైనా సరే అన్నాడు. హామ్ దాచకుండా నిజాయితీగా చెప్పాడనే అంటాను. కానీ ఆ ఒక్క ప్రశ్నా మొదట్లోనే అడిగి ఉంటే మిగతా రెండు గంటలూ అక్కర్లేకపోయేది. మీరూ బావగారిని ఎప్పుడైనా తీరిగ్గా ఈ ప్రశ్న అడగండి. ముందు మీ జవాబు మీరు సిద్ధం చేసుకుని అడగండి, ఆయన తిరిగి అడుగుతారు.

డిబేట్ కంటే నాకు కోర్టు మీద నమ్మకం ఎక్కువ. అక్కడ ప్రమాణం చేసి చెప్పాలి. ఒక ప్రశ్నకి జవాబు తేలేదాకా లాయరు ఇంకో ప్రశ్నకి పోనివ్వడు. అయితే అన్ని కోర్టులూ కాదు లెండి. 1925లో టెన్నెసీ రాష్ట్రంలోని డేటన్‌లో జాన్ స్కోప్స్ అనే టీచరు మీద, బడిలో పరిణామం చెప్పాడని నడిచిన కేసు సగం తిరునాళ్లే. ఊరికి పేరొస్తుందని అక్కడి వ్యాపారులే పట్టుబట్టి తెచ్చుకున్న కేసు అది. వంద డాలర్ల జరిమానా వేశారు, 1927లో పై కోర్టు సాంకేతిక కారణంతో కొట్టేసింది. పరిణామం చెప్పకూడదన్న ఆ చట్టం మాత్రం 1967 దాకా అలాగే ఉంది.

తర్వాత ‘రెండూ చెప్పండి, పిల్లలే తేల్చుకుంటారు’ అన్న వాదన వచ్చింది. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. లూసియానా అలాగే చట్టం చేసింది. పరిణామం చెబితే సృష్టి శాస్త్రం కూడా చెప్పాల్సిందేనని. 1987లో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా దాన్ని కొట్టేసింది, అది బడిలో మతబోధే అవుతుందని. నా మట్టుకు నాకు, రెండు లెక్కల్లో ఏది సరైనదో క్లాసులో చేతులెత్తించి తేల్చడం లాంటిదే అది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ కేసు. అక్కడి స్కూల్ బోర్డు తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక ప్రకటన చదివి వినిపించమంది. డార్విన్ సిద్ధాంతంలో లోపాలున్నాయి, ‘ఇంటెలిజెంట్ డిజైన్’ అని ఇంకో వివరణ ఉంది, ఫలానా పుస్తకం లైబ్రరీలో ఉంది అని. దేవుడి పేరెత్తలేదు, తెలివైన రూపకర్త అన్నారంతే. సైన్స్ టీచర్లు ‘మేం చదవం’ అన్నారు. పదకొండు మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. అప్పుడు ఆ ఫలానా పుస్తకం పాత చిత్తుప్రతులు బయటికొచ్చాయి. మొదటి ప్రతుల్లో సృష్టివాదులు అనే అర్థంలో ‘క్రియేషనిస్ట్స్’ అని ఉంది. 1987 తీర్పు వచ్చాక అదే చోట ‘డిజైన్ ప్రొపోనెంట్స్’ అని, అంటే డిజైన్ సమర్థకులు అని మార్చారు. ఒక చోట మార్చిన చెయ్యి జారింది. పాత మాట తలా తోకా అలాగే ఉండిపోయి, మధ్యలో కొత్త మాట ఇరుక్కుని ‘సిడిజైన్ ప్రొపోనెంట్సిస్ట్స్’ అని చిత్తుప్రతిలో మిగిలిపోయింది. ఏ భాషలోనూ లేని మాట. రెండు పేర్లూ ఒక్కదానివేనని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ నియమించిన జడ్జి జాన్ జోన్స్ నూట ముప్ఫై తొమ్మిది పేజీల తీర్పు రాసి, ఇది సైన్స్ కాదన్నారు.

ఈ కేసు మీకు ఇంత వివరంగా చెప్పింది అమెరికా వాళ్ల గొడవ మీద మోజుతో కాదు. ఆ తప్పు మాట చూడండి. నకలు రాసేటప్పుడు దొర్లిన తప్పు, పుస్తకం వంశవృక్షాన్ని బయటపెట్టింది. జీవశాస్త్రవేత్తలు డీఎన్ఏలో చదివేది సరిగ్గా ఇలాంటి తప్పులనే. బావగారికి ఐదు ప్రశ్నలకు ఐదు జవాబులు చెప్పబోకండి, ఇదొక్కటి చూపించండి.

పరీక్షలో ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే టీచరు ఏమీ అనరు. ఇద్దరూ చదువుకున్నారనుకుంటారు. ఇద్దరూ ఒకే లెక్కలో, ఒకే మెట్టు దగ్గర, ఒకే తప్పు చేస్తే? కాపీ అని పట్టేస్తారు. మన ఒంట్లో అలాంటి తప్పొకటి ఉంది. చాలా క్షీరదాలు విటమిన్ సి తమ కాలేయంలోనే తయారు చేసుకుంటాయి. కుక్క చేసుకుంటుంది, పిల్లి చేసుకుంటుంది, ఎలుక చేసుకుంటుంది. మనం చేసుకోలేం. తిండిలో అది దొరక్కపోతే స్కర్వీ వచ్చి చిగుళ్లు కారతాయి, ఓడల మీద నెలల తరబడి తిరిగిన నావికులు వేలల్లో అలాగే చచ్చిపోయారు. తయారీలో చివరి మెట్టుకి కావలసిన ఎంజైమ్ జీన్ మనలో లేకపోలేదు. ఉంది, కానీ ముక్కలై, పని చేయకుండా, ఎనిమిదో క్రోమోజోమ్ మీద పడి ఉంది. కాలిపోయిన ఇంటి గోడల్లా. చింపాంజీలోనూ, ఒరాంగుటాన్‌లోనూ, కోతుల్లోనూ అదే జీన్ పాడైపోయి ఉంది, పోయిన ముక్కలు కూడా చాలావరకు అవే. గినీ పిగ్ కూడా విటమిన్ సి చేసుకోలేదు. దానిలోనూ ఆ జీన్ పాడైంది, కానీ వేరే తీరులో. అంటే అది విడిగా ఫెయిలైంది. మనమూ కోతులూ ఒకే పేపరు చూసి రాశాం.

‘ఒకే రూపకర్త ఒకే రకం భాగాలు వాడతాడు, అందుకే పోలికలు’ అని బావగారు అనొచ్చు. సరైన జవాబులు కలిసినప్పుడు ఆ మాట ఒప్పుకోవచ్చు. తప్పులు కలిసినప్పుడు ఏమంటారో వినండి. నిజంగానే వినండి, మధ్యలో అందుకోకండి.

మిగతా ప్రశ్నలకు కూడా చేతిలో ఓ మాట ఉండాలి కదా, క్లుప్తంగా చెబుతాను. ‘ఉత్త థియరీ’ అన్నది ఇంగ్లీషు నుంచి అరువొచ్చిన తగాదా. ఇంగ్లీషులో మామూలు మాటల్లో థియరీ అంటే ఊహ అని కూడా అర్థముంది, సైన్సులోనేమో ఎన్నో పరీక్షలకు నిలబడ్డ వివరణ అని. ఆ రెండు అర్థాల సందులోంచి దూరింది ఈ ప్రశ్న. తెలుగులో మన మాట సిద్ధాంతం. తేలిన ముగింపు అని పదంలోనే ఉంది. కానీ తెలుగు మనల్ని ఇంకో చోట ముంచింది. సృష్టివాదం, పరిణామవాదం అని రెండింటికీ ఒకే తోక తగిలించాం. వినేవాళ్లకి అవి పక్కపక్కన పెట్టిన రెండు వాదాల్లా, ఇష్టమైనది తీసుకోవచ్చన్నట్టు ఉంటాయి. గురుత్వాకర్షణవాదం అని ఎవరైనా అంటారా? నేను జీవపరిణామం అనే అంటాను. మీరూ ఆ తోక కత్తిరించండి.

కోతుల ప్రశ్నకి చుట్టరికం చాలు. మీరు మీ పెదనాన్నగారి అమ్మాయికి పుట్టలేదు. మీ ఇద్దరికీ తాతగారు ఒకరే. మీరు పుట్టారని ఆ అమ్మాయి మాయమైపోలేదు. మనకీ చింపాంజీలకీ ఉమ్మడి పూర్వీకులు దాదాపు అరవై, డెబ్భై లక్షల ఏళ్ల కిందట ఉండేవారు. అంతే సంగతి.

‘ఎవరు చూశారు’, ‘మధ్య జీవి ఏది’ అన్న రెండింటికీ కలిపి టిక్టాలిక్ అనే శిలాజం కథ చెప్పండి. నాలుగు కాళ్ల జీవులు కనబడే రాతిపొరలు తెలుసు, వాటికంటే పాతవైన చేపల పొరలూ తెలుసు. మధ్యది దొరకాలంటే దాదాపు 37.5 కోట్ల ఏళ్ల నాటి, ఒకప్పుడు లోతు తక్కువ వాగులు పారిన చోటి రాళ్లు వెతకాలని నీల్ షుబిన్, టెడ్ డేష్లర్ బృందం లెక్క వేసుకుంది. అలాంటి రాళ్లు కెనడా ఉత్తర కొసన, ఎల్స్‌మియర్ దీవిలో ఉన్నాయి. 1999 నుంచి మంచు కరిగే ఆ కొద్ది వారాల్లో పోయి వెతుకుతూ, 2004లో దాన్ని పట్టుకున్నారు. పొలుసులూ రెక్కలూ చేపవి. బల్లపరుపు తలా, అటూ ఇటూ తిప్పగల మెడా చేపకి ఉండవు. రెక్కలో మణికట్టు ఎముకలున్నాయి. నాకు ఇందులో ఆ ఎముకల కంటే ఎక్కడ తవ్వాలో ముందే చెప్పగలగడం గొప్పగా కనిపిస్తుంది. కన్ను మాటకొస్తే, నత్తల్లో, వాటి చుట్టాల్లోనే వెలుతురు మాత్రం తెలిసే మచ్చ, గిన్నెలా గుంటపడ్డ కన్ను, సూదిబెజ్జం కన్ను, కటకం ఉన్న కన్ను, అన్నీ ఇవాళ బతికి తిరుగుతున్న ప్రాణుల్లోనే ఉన్నాయి. ఏ మెట్టూ పనికిరానిది కాదు.

బావగారు పిల్ట్‌డౌన్ మోసం కూడా ఎత్తుతారు. ఆయన ఎత్తకముందే మీరు చెప్పేయండి. మనిషి పుర్రెకి ఒరాంగుటాన్ దవడ అతికించి 1912లో ఇంగ్లండ్‌లో ఎవరో ఆడిన నాటకం, నలభై ఏళ్లు పెద్దపెద్దవాళ్లు నమ్మారు, సిగ్గుచేటు. 1953లో దాన్ని బయటపెట్టింది కూడా సైంటిస్టులే. రెండు ముక్కలూ కలిపి చెప్పాలి, ఒకటే చెబితే అబద్ధమవుతుంది.

ఇంతకీ మీ బావగారికి శిలాజాల మీద అంత ఆసక్తి ఎందుకొచ్చిందో ఎప్పుడైనా అడిగారా? నా అనుమానం, ఆయన దిగులు రాళ్ల గురించి కాదు. మనిషి జంతువే అయితే మంచీ చెడూ ఎక్కడ నిలబడతాయి, పిల్లలకు ఏం చెప్పాలి అని. ఆ దిగులు గాలిలోంచి రాలేదు. డేటన్ కేసులో స్కోప్స్‌కి ఎదురుగా నిలబడ్డ విలియం జెనింగ్స్ బ్రయన్‌ని చాలామంది మూర్ఖుడిలా చూపిస్తారు. ‘బలమున్నవాడిదే బతుకు’ అన్న మాటని మనుషుల మీద ప్రయోగిస్తారని ఆయనకి భయం. స్కోప్స్ చెప్పిన ఆ పాఠ్యపుస్తకం తెరిచి చూస్తే, అందులో మనుషుల జాతుల్ని ఎక్కువ తక్కువలుగా పేర్చారు, ‘మేలైన’ మనుషుల్నే కనాలన్న యూజెనిక్స్ పాఠమూ ఉంది. పరిణామం విషయంలో బ్రయన్ తప్పు, కానీ ఆ పేజీల విషయంలో భయపడటం తప్పు కాదు. ఈ మాట మీ నోటి నుంచి ముందుగా వస్తే, మీరు ఆయన్ని ఓడించడానికి రాలేదని బావగారికి అర్థమవుతుంది.

దేవుణ్ణి పక్కన పెడితేనే మాట్లాడదాం అని మాత్రం షరతు పెట్టకండి. జీవపరిణామం వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త డోబ్జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. డోవర్ కోర్టులో ఇంటెలిజెంట్ డిజైన్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన జీవశాస్త్రవేత్త కెన్ మిల్లర్ కాథలిక్కు. పరిణామ సిద్ధాంతం ఉత్త పరికల్పన స్థాయి దాటిపోయిందని రెండో జాన్ పాల్ పోప్ 1996లో అన్నారు. దేవుడున్నాడా లేడా అన్నది మీ ఎమ్మెస్సీ సిలబస్‌లో లేదు, ఉన్నట్టు మాట్లాడకండి.

ప్రార్థనలో పాట వింటూ బావగారికి ఒళ్లు గగుర్పొడిచిన సందర్భాలు ఉండే ఉంటాయి. ప్రతి వెంట్రుక కుదురు దగ్గరా ఒక బుల్లి కండరం ఉంది, అది బిగిస్తే వెంట్రుక నిక్కబొడుచుకుంటుంది. చలిలో, భయంలో పిల్లి ఒళ్లంతా ఉబ్బేది ఆ కండరంతోనే. మనకి ఉబ్బించడానికి బొచ్చు లేదు, కండరం మిగిలింది. దాని చరిత్ర మీరు చెప్పగలరు. ఆ పాటలో ఆయన్ని కదిలించింది ఏమిటో ఆయనే చెప్పాలి. ఈ రెండు మాటలూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకోవచ్చు, సభ అక్కర్లేదు.

ఇంకొకటి. సృష్టివాదులందరూ ఒక్కటే మాట చెప్పరు. భూమి వయసు ఆరు వేల ఏళ్లే అనేవాళ్లున్నారు. 17వ శతాబ్దంలో జేమ్స్ అషర్ అనే ఆర్చిబిషప్ సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని బైబిల్ వంశావళుల నుంచి లెక్క కట్టాడు. ఉల్కలోని సీసం కొలిచి క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో తేల్చింది దాదాపు 455 కోట్ల ఏళ్లు. భూమి వయసు ఒప్పుకుని పరిణామాన్ని ఒప్పుకోని సృష్టివాదులూ ఉన్నారు. జంతువులు మారతాయి గానీ మనిషి విషయం వేరు అనేవాళ్లూ ఉన్నారు. మీ బావగారు ఇందులో ఎక్కడ నిలబడ్డారో మీ ఉత్తరంలో లేదు. మీకూ తెలియదేమో. వీడియోలో మాట్లాడే ఆయన నమ్మేదంతా మీ బావగారు నమ్ముతున్నారని అనుకుని వాదిస్తే, మీరు వాదించేది ఆ వీడియోతో.

అందుకే నిన్నటి వీడియోకి ఇలా పంపండి: ‘బావగారూ, మొత్తం చూశాను. ఇందులో మీకు బాగా సరైనదనిపించిన పాయింట్ ఏదో ఒక్కటి చెప్పండి. దాని గురించి చదువుకుని ఆదివారం ఇంటికొస్తాను.’ పంపేముందు నిజంగానే మొత్తం చూడండి.